ఓడల మోతను పారేయాలా, వాడుకోవాలా? స్పెక్ట్రోగ్రామ్‌లో ఈ గిన్నె గీతలేంటి?

నీటిచెవి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా పని చేపల శబ్దాల మీద. 60 మీటర్ల లోతున్న చోట సముద్రం అడుగున ఒక రికార్డర్ పెట్టి 41 రోజులు ఉంచాం. రాత్రిళ్ళు చేపలు బాగానే కూశాయి. కానీ పక్కనే ఓడలు తిరిగే దారి. రెండు మూడు గంటలకోసారి ఏదో ఒక ఓడ వచ్చి మొత్తం ముంచేసి పోతుంది. "ఓడ వినిపించే ఫైళ్ళు తీసెయ్, మనకు పనికిరావు" అన్నారు మా గైడ్. నేనూ బుద్ధిగా 9 రోజుల ఫైళ్ళు జల్లెడ పట్టి తీసేశాను.

పదో రోజు ఫైలు దగ్గర చెయ్యి ఆగింది. 40 నిమిషాల ముక్కకు స్పెక్ట్రోగ్రామ్ (ఏ సమయంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూపే రంగుల బొమ్మ) గీసి, రంగుల స్కేలు కాస్త సర్దితే, ఒకదానిలో ఒకటి పేర్చిన గిన్నెల్లాంటి గీతలు బయటపడ్డాయి. ఓడ దగ్గరకొస్తుంటే గీతలు కిందికి దిగుతాయి, దూరమవుతుంటే మళ్ళీ పైకి లేస్తాయి. దాదాపు 80 నుంచి 600 హెర్ట్జ్ వరకు ఇదే వరస. వీటికి అడ్డంగా, సన్నగా, కదలకుండా ఉండే గీతలు ఇంకో రకం. అవి 18, 24, 30, 36 హెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. తేడా 6 కాబట్టి 4 రెక్కల ప్రొపెల్లర్, 90 ఆర్పీఎం (నిమిషానికి 90 చుట్లు) అని లెక్కేసుకున్నాను. మరి అసలు 6 ఎక్కడ? 12 ఎక్కడ? రెండూ లేవు.

ఏఐఎస్ (ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో చెప్పే పద్ధతి) చూస్తే అదొక పెద్ద కంటైనర్ ఓడ. వేగం 14 నాట్లు, నా రికార్డర్‌కు అతి దగ్గరగా వచ్చింది 1.1 కిలోమీటర్లు.

నా సందేహాలు ఇవి. ఆ గిన్నె గీతలు ఓడ చేసే శబ్దమేనా? 6, 12 ఏమయ్యాయి? అన్నిటికంటే ముఖ్యంగా, ఓడ ఎంత గట్టిగా, ఏ తీరున అరిచిందో మనకు తెలియనప్పుడు, ఆ అరుపు విని సముద్రం గురించి ఏమైనా చెప్పగలమా? ఫిజిక్స్ డిగ్రీతో వదిలేశాను, కాస్త నెమ్మదిగా చెప్పండి.

పాతసోనార్

తమ్ముడూ, చిన్నవాడివే అనుకుని నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. ముందు ఒక మాట: ఇక ఒక్క ఫైలు కూడా తీసెయ్యకు. నువ్వు చెత్త అనుకున్నది నేను ఇరవై ఏళ్ళు డబ్బు పెట్టి పుట్టించిన సరుకు. మేం నీళ్ళలోకి దించిన తక్కువ ఫ్రీక్వెన్సీ సోర్సులు (శబ్దం పుట్టించే యంత్రాలు) ఒక్కోటి మనిషంత ఉండేవి. క్రేన్ కావాలి, అనుమతులు కావాలి, తిమింగలాలు దగ్గర్లో లేవని చూసే మనిషి కావాలి. నీకేమో రెండు గంటలకోసారి అంతకంటే గట్టి సోర్సు ఎదురుగా వచ్చి, తన పేరు, చోటు, వేగం రేడియోలో చెబుతూ పోతోంది.

గిన్నెల సంగతికొస్తాను. అవి ఓడ చేసేవి కావు, సముద్రం చేసేవి. ఓడ ప్రొపెల్లర్ దగ్గర బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ మోత అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకున్న ఒక గరగర, తెల్ల గుడ్డ లాంటిది. అది నీ రికార్డర్‌కు ఒకే దారిలో రాదు. నేరుగా కొంత, నీటి పైతలానికి తగిలి కొంత, అడుగుకు తగిలి కొంత, రెండిటి మధ్యా ఎగిరెగిరి ఇంకొంత. ఈ దారుల పొడవుల తేడా వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్ని చంపుకుంటాయి. స్కూల్లో చదివిన వ్యతికరణమే. తెల్ల గుడ్డ మీద చారలు పడ్డాయన్నమాట. ఓడ కదిలితే దారుల తేడా మారుతుంది, చారలు జరుగుతాయి.

లోతు నీళ్ళలో ఇది ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. కాలిఫోర్నియా మాంటెరీ బేలో సుమారు 900 మీటర్ల లోతున ఉన్న మార్స్ కేంద్రం హైడ్రోఫోన్ (నీటిలో పెట్టే మైకు) 2015 నుంచి రికార్డు చేస్తోంది, ఆ డేటా ఎవరైనా దించుకోవచ్చు. అక్కడ రెండు దారులు తీసుకుంటే చాలు: నేరుగా వచ్చేది, పైతలానికి తగిలి వచ్చేది. శబ్దం 6 మీటర్ల లోతు నుంచి పుడుతోందనుకో. ఓడ సరిగ్గా నెత్తిమీద ఉన్నప్పుడు ఆ రెండు దారులకూ తేడా 12 మీటర్లు. నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లు అనుకుంటే 1500ని 12తో భాగించు, 125. అంటే ప్రతి 125 హెర్ట్జ్‌కు ఒక నల్ల చార. దీన్నే తిరగేస్తే, చారల ఎడం కొలిచి శబ్దం ఎంత లోతు నుంచి వస్తోందో చెప్పెయ్యొచ్చు. ఓడలోకి ఎక్కక్కర్లేదు, కెప్టెన్‌ను అడగక్కర్లేదు.

నీ 60 మీటర్ల నీళ్ళలో దారులు రెండు కావు, బోలెడు. అక్కడ దారులు లెక్కపెట్టడం మానేసి మోడ్‌లు (నీటి పొరలో ఇమిడే అలల తీరులు) అంటాం. 200 హెర్ట్జ్ దగ్గర నీ చోట ఏడెనిమిది మోడ్‌లు ఉండొచ్చు. అన్ని మోడ్‌లు కలిసి గందరగోళం కావాలి కదా, అలా కాదు. 1982లో చుప్రోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త చూపించింది ఇదే: చార వాలును ఒక్క అంకెలో పట్టుకోవచ్చు. దాన్ని బీటా అంటాం. లోతు తక్కువ నీళ్ళలో అది 1కి దగ్గరగా ఉంటుంది. 1 అంటే అర్థం ఏంటంటే, ఒక చారను పట్టుకుని పోతే దూరం రెట్టింపైనప్పుడు ఫ్రీక్వెన్సీ కూడా రెట్టింపవుతుంది. అంతే.

నీ ఓడతోనే సరిచూసుకో. 1.1 కిలోమీటర్ల దగ్గర ఒక చార 110 హెర్ట్జ్ మీద ఉంటే, ఓడ 2.2 కిలోమీటర్లకు వెళ్ళేసరికి అదే చార 220 మీద ఉండాలి. 14 నాట్లంటే సెకనుకు 7.2 మీటర్లు. పైథాగరస్ వేసుకుంటే దగ్గరగా దాటిన క్షణం నుంచి 4 నిమిషాల 25 సెకన్లు పడుతుంది. స్కేలు పెట్టి కొలువు.

ఇక నీ పెద్ద సందేహం, ఓడ ఏం అరిచిందో తెలియదు కదా అన్నది. నిజమే. శబ్దం ఎంత తగ్గిందో చెప్పాలంటే మొదట ఎంత ఉందో తెలియాలి. కంటైనర్ ఓడకూ ఆయిల్ ట్యాంకర్‌కూ పోలిక లేదు. అదే ఓడ ముందు నుంచి వింటే ఒకలా, వెనక నుంచి వింటే ఇంకోలా ఉంటుంది. అందుకే డెసిబెల్స్ పట్టుకుని దారిలో ఎంత శబ్దం పోయిందో లెక్కేసేవాళ్ళను చూస్తే నాకు కాస్త భయం. చారలకు ఆ బాధ లేదు. గరగర గట్టిదైనా మెల్లనిదైనా చార పడే చోటు దారుల తేడాను బట్టే పడుతుంది. ఎంత అరిచిందన్నది వదిలేసి, ఎక్కడ చారలు పడ్డాయన్నది పట్టుకో.

6, 12 లేకపోవడం నాకు మరీ నచ్చింది. నీటి పొర ఒక గొట్టం లాంటిది. మరీ పొడవైన అలలు అందులో ఇమడవు, అడుగులోకి కారిపోతాయి. లోతు 60 మీటర్లు, నీటిలో వేగం 1500, కింద ఇసుకలో 1700 అనుకుంటే, సుమారు 13 హెర్ట్జ్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు దూరం పోలేవు. దీన్నే కటాఫ్ అంటాం. నీ 6, 12 దానికి కింద, 18 దానికి పైన. కానీ తొందరపడి ఇసుక మీద పేపరు రాసెయ్యకు. ముందు రికార్డర్‌లో హై-పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేసేది) ఎంత దగ్గర పెట్టి ఉందో చూడు. నేనొకసారి మూడు వారాలు అడుగు మట్టి గురించి చర్చించాను, తీరా అది ప్రీయాంప్‌లో ఉన్న ఒక కెపాసిటర్.

ఫిల్టర్‌దా సముద్రానిదా అని తేల్చడానికి ఒక ఉపాయముంది. ఫిల్టరైతే ఓడ దగ్గరున్నా దూరమున్నా 12ను 18తో పోల్చినప్పుడు ఒకే నిష్పత్తిలో తొక్కేస్తుంది. సముద్రమైతే ఓడ దగ్గరున్నప్పుడు 12 కొంచెమైనా తొంగిచూసి, దూరమయ్యేకొద్దీ 18 కంటే త్వరగా చచ్చిపోతుంది.

ఇంజన్‌రూమ్

పాతసోనార్ గారు చెప్పినదాంట్లో చారల గురించి నేను మాట్లాడను, నాకు తెలియదు. కానీ ఆ 6 హెర్ట్జ్ ప్రొపెల్లర్‌ది అని ఇద్దరూ ఖాయం చేసేశారు. నాకు డౌటు.

బ్రదర్, పెద్ద కంటైనర్ ఓడ 14 నాట్లకు 90 ఆర్పీఎం తిప్పదు. అది 20 దాటి పరిగెత్తడానికి కట్టిన ఓడ. 14 అంటే దానికి నడక. 50, 60 మధ్య ఎక్కడో ఉంటుంది. రెక్కలు కూడా 4 కాకుండా 5 గానీ 6 గానీ ఉంటాయి.

మరి 6 ఎవరిది? మా జనరేటర్లు చాలా ఓడల్లో 720 ఆర్పీఎం మీద తిరుగుతాయి, 60 హెర్ట్జ్ కరెంటు కోసం. 720 అంటే సెకనుకు 12 చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి పేలుతుంది, అంటే సెకనుకు 6 సార్లు. ఇదిగో మీ 6, 12, 18, 24 వరస. గవర్నర్ (ఇంజన్ వేగం మారకుండా చూసే పరికరం) దాన్ని రాత్రీ పగలూ అక్కడే పట్టుకుని కూర్చుంటుంది. ఓడ వేగం పెంచినా తగ్గించినా దానికి పట్టదు. వాచ్ డ్యూటీలో నిద్ర తూలుతున్నప్పుడు ఆ హోరు కాస్త మారితే చాలు, ఠక్కున మెలకువ వచ్చేది మాకు.

తేల్చుకోవడం తేలికే. ఆ ఓడ ఎక్కడైనా వేగం తగ్గించిందా చూడండి. గీతలు కదలకపోతే జనరేటర్. కిందికి జారితే ప్రొపెల్లర్. ఒక హెచ్చరిక: కొన్ని చిన్న ఓడల్లో రెక్కల కోణం మార్చే ప్రొపెల్లర్ ఉంటుంది, వాటిలో షాఫ్ట్ ఒకే ఆర్పీఎంలో తిరుగుతూనే ఓడ మెల్లబడుతుంది. అప్పుడు ఈ పరీక్ష పని చేయదు.

ఇంకోటి. సరుకు దించేసిన ఓడ పైకి తేలుతుంది, ప్రొపెల్లర్ పైభాగం దాదాపు నీటి పైకొచ్చి కూర్చుంటుంది. లోడుతో పోయినప్పుడు, ఖాళీగా వచ్చినప్పుడు అదే ఓడకు శబ్దం లోతు వేరు. ఏఐఎస్‌లో డ్రాఫ్ట్ (ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో) ఉంటుంది గానీ అది చేత్తో కొట్టే అంకె. మార్చడం మర్చిపోయేవాళ్ళు ఎంతమందో నన్నడగండి.

పాతసోనార్

ఇంజన్‌రూమ్ గారూ, ఒప్పేసుకుంటున్నాను. 90, 4 అనగానే అంకె కలిసిందని తలూపేశాను. కటాఫ్ లెక్క మాత్రం మారదు, 6 ఎవరిదైనా 13 కింద కారిపోవలసిందే.

తమ్ముడూ, అసలు ప్రొపెల్లర్ లయ కావాలంటే కింద వెతక్కు, పైన వెతుకు. రెక్క పైకొచ్చినప్పుడు అక్కడ నీటి ఒత్తిడి తక్కువ, ఓడ పొట్ట వెనక నీళ్ళు కూడా మెల్లగా వస్తాయి. కాబట్టి బుడగలు ఎక్కువ పుడతాయి. రెక్క కిందికి దిగితే తగ్గుతాయి. అందుకే పై ఫ్రీక్వెన్సీల్లోని బుస ఒక్కో రెక్కకు ఒకసారి ఉబ్బి తగ్గుతుంటుంది. 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ ముక్క తీసుకుని, దాని ఎన్వలప్ (బుస ఎంత ఉబ్బి ఎంత తగ్గిందో చూపే గీత) తీసి, ఆ ఎన్వలప్‌కు స్పెక్ట్రమ్ వెయ్యి. దీన్ని డీమన్ అంటారు, జలాంతర్గాముల వాళ్ళ పాత విద్య. 4, 5 హెర్ట్జ్ శబ్దం నీ నీళ్ళలో ప్రయాణించలేకపోయినా, ఆ లయ కిలోహెర్ట్జ్ బుస భుజమెక్కి వచ్చేస్తుంది.

చారలకు ఒక సెకను విండో (స్పెక్ట్రమ్ వెయ్యడానికి ఒక్కోసారి తీసుకునే ముక్క) పెట్టు, సన్న గీతలకు పది సెకన్లు. రెండిటినీ ఒకే చిత్రంలో చూడాలనుకుంటే రెండూ పాడవుతాయి.

నీటిచెవి

అక్కా, ఇంజన్‌రూమ్ అన్నా, మూడు రోజులు పట్టింది. టెన్షన్ పడ్డాను గానీ తేలింది.

ముందు ఫిల్టర్. రికార్డర్‌లో 2 హెర్ట్జ్ దగ్గరుంది, కాబట్టి అది కాదు. ఓడ అతి దగ్గరగా ఉన్న రెండు నిమిషాల్లో 12 దగ్గర లేత గీత ఉంది! తర్వాత మాయం, 18 మాత్రం ఇంకో పావుగంట ఉంది.

ఓడ పైలట్ (రేవులోకి దారి చూపే మనిషి) కోసం 8 కిలోమీటర్ల అవతల మెల్లబడింది. 24, 30 గీతలు వెంట్రుకంత కూడా కదల్లేదు. అన్న చెప్పిందే, జనరేటర్. డీమన్ వేస్తే 4.6 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం, మెల్లబడ్డాక అది 3కి దిగింది. 5 రెక్కలనుకుంటే 55 నుంచి 36 ఆర్పీఎం.

ఇప్పుడు బాధ. చార వాలు కుదరట్లేదు. 110 దగ్గర మొదలైన చార 220కి చేరిన సమయాలు తీసుకుని, ఏఐఎస్ ప్రకారం అతి దగ్గర క్షణం నుంచి లెక్కేశాను. ఓడ వెళ్ళేటప్పుడు 5 నిమిషాల 1 సెకను, బీటా 0.87. వచ్చేటప్పుడు 4 నిమిషాల 1 సెకను, బీటా 1.11. అటూ ఇటూ అడుగు చదునే, మ్యాప్‌లో చూశాను. రికార్డర్ గడియారం తేడానా?

పాతసోనార్

గడియారం అనుమానం మంచిదే. పది లక్షల్లో ఒక వంతు తప్పినా రోజుకు 86 మిల్లీసెకన్లు పోతుంది. రెండు రికార్డర్లు పెట్టి ఒకదానితో ఒకటి పోల్చే పనిలో అది కొంప ముంచుతుంది, 130 మీటర్ల తప్పుకు సమానం. కానీ నీకు వచ్చింది అరనిమిషం. అంత పోవాలంటే ఆ గడియారం పూర్తిగా చెడిపోవాలి.

నీ అంకెలే జవాబు చెబుతున్నాయి చూడు. ఓడ వస్తోందా పోతోందా అన్నది సముద్రానికి తెలియదు. రెండు వైపులా ఒకే బీటా రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చాయంటే నీ సున్నా క్షణమే తప్పు. 241కీ 301కీ మధ్య 271. అంటే శబ్దం దృష్టిలో ఓడ 30 సెకన్లు ఆలస్యంగా దాటింది.

30 సెకన్లు, సెకనుకు 7.2 మీటర్లు. 216 మీటర్లు. అది ఏమై ఉంటుందో ఇంజన్‌రూమ్ గారే చెప్పాలి.

ఇంజన్‌రూమ్

నవ్వొచ్చింది. ఏఐఎస్ చెప్పేది యాంటెనా ఉన్న చోటు. పెద్ద కంటైనర్ ఓడల్లో బ్రిడ్జి ముందుకు ఉంటుంది, ప్రొపెల్లర్ చివర్న. బ్రిడ్జి మీ ఎదురుగా దాటిన ఎంతసేపటికో మా ఇంజన్ దాటుతుంది. ఏఐఎస్ స్టాటిక్ మెసేజ్‌లో యాంటెనా నుంచి ముక్కుకు ఎంత, వెనక్కి ఎంత, కుడి ఎడమలకు ఎంత అని నాలుగు అంకెలుంటాయి. వెనక్కి ఎంతో చూడండి.

అలలకింద

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాది తిమింగలాల వైపు. ఓడల మోతను ఇంత ముద్దుగా మాట్లాడుకోవడం చూస్తే కాస్త ఇబ్బందిగా ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఓడల రాకపోకలు పడిపోయినప్పుడు, కెనడా ఫండీ అఖాతంలో నీటి అడుగు రొద 6 డెసిబెల్స్ తగ్గింది, రైట్ వేల్స్ అనే తిమింగలాల మలంలో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి. మీకు సోర్సు, వాటికి నరకం. కానీ మీ కటాఫ్ లెక్క నాకు పనికొస్తుంది. ఈ మోత ఏ లోతులో, ఏ అడుగు మీద ఎంత దూరం పోతుందో తెలియక మేం శబ్ద పటాల్లో అడుగంతా ఒకే ఇసుక అని రాసేస్తున్నాం.

పాతసోనార్

మీరన్నది నిజం, ముద్దేమీ లేదు. ఆ ఓడలు మనం వినకపోయినా పోతూనే ఉంటాయి. అడుగు విషయంలో అయితే అస్సలు ఒకే ఇసుక అనుకోకండి. 2017లో అమెరికా ఈశాన్య తీరానికి అవతల, న్యూ ఇంగ్లండ్ మడ్ ప్యాచ్ అనే బురద మేట మీద పెద్ద ప్రయోగం చేశారు. అటుగా పోయే మామూలు ఓడల మోతను కూడా అడుగు మట్టి గుణాలు తేల్చడానికి వాడారు. మెత్తటి బురదలో ధ్వని వేగం దానిపై ఉన్న నీటిలో కంటే కాస్త తక్కువే ఉండొచ్చు. అలాంటి చోట నేను పైన చెప్పిన 13 హెర్ట్జ్ లెక్క అలాగే అతికించకూడదు, బురద కింద ఏముందో చూడాలి.

నీటిచెవి

యాంటెనా నుంచి వెనక్కి 221 మీటర్లు!! ప్రొపెల్లర్ వెనక అంచుకు కొంచెం ముందుంటుంది కాబట్టి 216 అంటే సరిగ్గా అక్కడే. సున్నాను 30 సెకన్లు జరిపి మళ్ళీ వేశాను. వచ్చేటప్పుడు 0.97, వెళ్ళేటప్పుడు 0.97.

గైడ్‌కు చూపించాను. చాలాసేపు తెర వైపు చూసి, "ఇది చేపల ప్రాజెక్టు కదా" అన్నారు. తర్వాత ఆయనే, "వేసవిలో పైనీళ్ళు వేడెక్కితే ఈ గిన్నెలు మారతాయా?" అని అడిగారు. మారతాయా అక్కా?

పాతసోనార్

మారాలి. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు పెరుగుతుంది. పైన వేడి, కింద చల్లన అయితే ధ్వని కిందికి వంగి అడుగును ఎక్కువసార్లు కొడుతుంది, దూరపు చారలు త్వరగా వెలిసిపోతాయి. బీటా కూడా 1 నుంచి పక్కకు జరగొచ్చు. ఎంత అన్నది ఒక్క ఓడతో చెప్పలేం. 41 రోజుల ఓడలన్నీ వరసగా పెట్టి చూడాలి. నీ 9 రోజులు పోయాయి గానీ మిగతా 32తో మొదలుపెట్టు.

నీటిచెవి

పోలేదు అక్కా. కంప్యూటర్‌లో మాత్రమే తీసేశాను, రికార్డర్ కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు. ఇప్పుడే కాపీ పెట్టాను, 6 శాతం అయింది.